వాగు ఒడ్డు రాతలు – 11: అంటితేనే కరెంటు పారుతది



ఈసారి ఒక్క మాట దగ్గర మొదలుపెడతాను. అంటు. నిఘంటువు తెరిస్తే ఈ రెండక్షరాల కింద ఒక ఊరంత సంసారం కనిపిస్తుంది. తాకితే అంటు. అతుక్కుంటే అంటు. మామిడికి కట్టేది అంటు. తిన్న గిన్నెలు అంట్లు. పొయ్యి అంటించాలి. జబ్బు అంటుకుంటుంది. ఇన్ని అర్థాలున్న మాటలోంచి ఒక్కదాన్ని ఏరి, దాని చివర ‘రాని’ తగిలించి, మనకు పేరుగా పెట్టారు.

పీహెచ్‌డీ చేసినన్నాళ్లూ ఇలాంటి మాటల చుట్టూనే తిరిగాను. అయినా ఈ మాటను కొత్తగా వినిపించింది మా కాలేజీలో బీఎస్సీ ఫైనలియర్ చదివే అమ్మాయి. “మేడం, వెండి రవ్వలు ఒకదానికొకటి అంటితేనే కరెంటు పారుతది. అంటకపోతే ఎంత వెండి పోసినా దండుగ” అంది.

ఫిబ్రవరి 28 సైన్స్ డేకి తెలుగులో పోస్టర్ చేయాలని నా దగ్గరికి వచ్చింది ఆ పిల్ల. విషయం ఏమిటంటే, కాగితం మీద కరెంటు పారే లోహపు గీతలు అచ్చు వేయడం. ఎండాకాలం సెలవుల్లో ఒక ల్యాబ్‌లో రెండు వారాల ట్రైనింగ్ చేసి నేర్చుకుంది. పుస్తకాల తెలుగులో అయితే ‘విద్యుద్వాహక సిరా ముద్రణ’ అనాలి. ఆ మాట వాళ్లమ్మకు వినిపిస్తే, “అదేం మంత్రం బిడ్డా” అన్నదట. కొట్టేశాం. ‘కరెంటు పారే సిరా’ అని రాశాం. వాగు పారినట్టే కరెంటూ పారుతుంది మన మాటలో. ఎక్కడైనా తెగితే ఆగుతుంది.

దీని వెనక సంగతి కొంచెం చెప్పాలి. సెల్‌ఫోన్ విప్పితే లోపల ఆకుపచ్చ పలక ఒకటి ఉంటుంది. ఫైబర్‌గ్లాస్ పలకకు రాగి రేకు అతికించి, కావలసిన గీతలు మాత్రం ఉంచి, మిగతా రాగినంతా రసాయనాల్లో కరిగించేస్తారు. అంటే అక్కడ గీత గీయరు, గీత కానిదాన్ని చెరిపేస్తారు. ఆ కరిగిన రాగి, ఆ రసాయనం ఏ దారిన పోతాయో పటాన్‌చెరులో పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. అచ్చు వేసే పద్ధతి దీనికి తలకిందులు. కావలసిన చోటే లోహం పడుతుంది. కింద పలక బదులు ప్లాస్టిక్ షీటో కాగితమో ఉంటుంది, వంచితే వంగుతుంది.

మీ ఇంట్లో షుగరున్నవాళ్లుంటే ఈ అచ్చును రోజూ చూస్తూనే ఉన్నారు. నెత్తుటి చుక్క పెట్టే పట్టీ మీద సన్నటి గీతలుంటాయి కదా, చాలా రకాల్లో అవి కార్బన్, వెండి సిరాలతో స్క్రీన్ ప్రింటింగ్ చేసినవే. మా అమ్మ వాటిని ‘సుక్క కాయితాలు’ అంటుంది. నిజానికి అవి ప్లాస్టిక్. అయినా ఆమె మాటే బాగుంది.

స్క్రీన్ ప్రింటింగ్ అనగానే మా చిన్నాయిన కొడుకు గుర్తొచ్చాడు. పటాన్‌చెరులో వాడిది చిన్న దుకాణం. పెండ్లి పత్రికలు, విజిటింగ్ కార్డులు, ఏప్రిల్ 14కు జయంతి పోస్టర్లు వేస్తాడు. ఫ్లెక్సీలు వచ్చి గిరాకీ పడిపోయినప్పుడు నాలుగేండ్లు ఒక యూనిట్‌లో పనిచేశాడు. తూకం మిషన్ల మీద, మిక్సీల మీద వేలితో నొక్కే బటన్ల షీట్లు చేసే యూనిట్ అది. ప్లాస్టిక్ షీట్ మీద వెండి పేస్టుతో గీతలు అచ్చేయడం వీడి పని. పొద్దున పేస్టు డబ్బా తూకమేసి ఇచ్చేవాళ్లు, సాయంత్రం తూకమేసి తీసుకునేవాళ్లు. గేటు దగ్గర జేబులు, టిఫిన్ డబ్బా, ఆఖరికి చెప్పుల అడుగులు కూడా చూసేవాళ్లట. స్క్రీన్ కడిగే సాల్వెంటుకు మాత్రం ఏ తూకమూ లేదు. వాడు ఎంత పీల్చాడో ఎవరూ రాసుకోలేదు.

“స్క్వీజీ పట్టిన చేతికి తెలుస్తదక్కా, ఎంత ఒత్తితే ఎంత దిగుతదో” అంటాడు. పదో తరగతి తప్పినవాడు. నాలుగేండ్లు తన చేతి కింద పారింది ఎలక్ట్రానిక్స్ అని వాడికెవరూ చెప్పలేదు. వెండి పని అని మాత్రం చెప్పారు, వెతకడానికి పనికొస్తుందని.

ఇక సిరా లోపలి కథ. లోహాల్లో కరెంటు అన్నిటికంటే బాగా పారేది వెండిలోనే. రాగి దాని తర్వాతిది, చవక కూడా. కానీ సన్నటి రవ్వలుగా చేస్తే రాగి గాలికి తొందరగా చిలుము పడుతుంది, ఆ చిలుము కరెంటుకు అడ్డం. అందుకే ఖరీదైనా వెండి వాడతారు. వెండి మామూలుగా కరగాలంటే 961 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఆ వేడికి కాగితం బూడిదే. అయితే వెండిని మిల్లీమీటరులో లక్షో వంతు దాకా చిన్న రవ్వలు చేస్తే కథ మారుతుంది. అంత చిన్న రవ్వలో, పెద్ద ముక్కతో పోలిస్తే, పరమాణువుల్లో చాలా ఎక్కువ వంతు పైపొర మీద ఉంటాయి. పైపొర మీదివాటికి పట్టు తక్కువ, తొందరగా కదులుతాయి. 100 నుంచి 150 డిగ్రీల వేడికే పక్కపక్క రవ్వలు ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోతాయి.

ఇక్కడే ఆ పిల్ల చెప్పిన మాట. సీసాలో ఉన్నంతసేపు ఆ రవ్వలు ఒకదాన్నొకటి అంటకూడదు. అంటితే సిరా గడ్డకడుతుంది. అందుకని ఒక్కో రవ్వకు పాలిమర్ తొడుగు వేసి ఎడంగా ఉంచుతారు. కాగితం మీద పడ్డాక ఆ తొడుగే అడ్డం. గీత కంటికి నిండుగా, నల్లగా, ఒక్కటిగా కనిపిస్తుంది. మీటర్ పెడితే కరెంటు పారదు. వేడి చేసో, ఉప్పు లాంటి పదార్థం తగిలించో తొడుగు విడిపించాలి. అప్పుడు నల్ల గీత తెల్లగా మెరుస్తుంది, కరెంటు పారుతుంది. మా తమ్ముడు వాడిన పేస్టు వేరే రకం. అందులో ఉండేవి వెండి రేకులు. వాటి మధ్య ఉన్న జిగురు ఆరి ముడుచుకున్నప్పుడు రేకులు దగ్గరికి లాగబడి ఒకదాని మీద ఒకటి పడతాయి. దారి వేరైనా జరిగేది అదే.

క్లాసులో ఇది చెబుతుంటే వెనక బెంచీ పిల్లవాడు, “అయితే కరెంటుకు మడి లేదు మేడం” అన్నాడు. అందరూ నవ్వారు. నేను బోర్డు మీద రాశాను.

ఇంకో వెండి సిరా సంగతి. ఓటేసినప్పుడు మన వేలికి పెట్టే చుక్కలో ఉండేది సిల్వర్ నైట్రేట్, వెండిని నత్రికామ్లంలో కరిగిస్తే వచ్చే లవణం. 1962 ఎన్నికల నుంచీ మైసూరులోని ప్రభుత్వ కంపెనీ చేసి పంపుతోంది. చర్మం మీది ఉప్పుతో కలిసి, వెలుతురుకు నల్లబడి దిగిపోతుంది. ఇందాకటి వెండి రవ్వల్ని తయారుచేయడానికి ఎక్కువగా వాడే ముడిసరుకు కూడా ఈ సిల్వర్ నైట్రేటే. అంటే ఐదేళ్లకోసారి మన వేలి మీద కూడా వెండి అచ్చు పడుతోంది, కాకపోతే కరెంటు పారనిది. వెండి గురించి ఇంకొక్క మాట చెప్పి వదిలేస్తాను. 1923లో అచ్చయిన బాబాసాహెబ్ ‘ది ప్రాబ్లమ్ ఆఫ్ ది రూపీ’ కూడా చాలావరకు వెండి కథే, వెండి రూపాయి ధర పడితే ఎవరు మునిగారు, ఎవరు తేలారు అన్న లెక్క. మన పిల్లలు కులం మీద ఆయన రాసినవి చదువుతారు, ఇది చదవరు. చదవాలి.

కాగితం మీద వెండి గీత కొత్తదేం కాదు. 2011లో అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో జెన్నిఫర్ లూయిస్ బృందం మామూలు పెన్నులో వెండి సిరా నింపి కాగితం మీద సర్క్యూట్ గీసి చూపించింది. 2013లో టోక్యో విశ్వవిద్యాలయానికి చెందిన యోషిహిరో కవహరా, ఆయన సహచరులు ఇంట్లో వాడే ఇంక్‌జెట్ ప్రింటర్‌తోనే అలాంటి గీతలు అచ్చేశారు. అంత దూరం ఎందుకు, మన జిల్లాలోనే, కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్‌లో ప్రొఫెసర్ సుష్మీ బధులిక బృందం కాగితం ఆధారంగా సెన్సర్ల మీద పరిశోధనా పత్రాలు వెలువరించింది. పటాన్‌చెరు నుంచి అదే హైవే మీద బస్సెక్కితే ఆ గేటు కనిపిస్తుంది. ఆ బస్సులో రోజూ వెళ్లే మా పిల్లల్లో ఎంతమంది ఆ స్టాప్‌లో దిగారని అడుగుతున్నాను, అంతే.

ట్రైనింగ్ అయ్యాక ల్యాబ్ సారును అడిగి, డబ్బా అడుగున మిగిలిన వెండి పేస్టు తెచ్చుకుంది ఆ పిల్ల. దాన్ని మా తమ్ముడి దుకాణానికి తీసుకెళ్లాను. ముగ్గురం ఒక ఆదివారమంతా కూర్చున్నాం. నేను చేసిందేమీ లేదు, చాయ్ తెప్పించాను.

మొదట మామూలు జిరాక్స్ కాగితం మీద వేశారు. గీత బాగానే పడింది, కరెంటు పారలేదు. కాగితం మనకు నున్నగా కనిపిస్తుంది గానీ లోపల పీచు పీచుగా, గడ్డివాములా ఉంటుంది. వెండి ఆ పీచుల సందుల్లోకి దిగిపోయి తునకలు తునకలైంది. ల్యాబ్‌లో దీనికోసం పైన పూత వేసిన ప్రత్యేకమైన కాగితం వాడతారు. మా తమ్ముడు కాసేపు చూసి, లోపలికి వెళ్లి పెండ్లి పత్రికలకు వాడే మెరుపు ఆర్ట్ కార్డు తెచ్చాడు. దాని మీద సన్నటి మట్టి పూత ఉంటుంది, సిరా లోపలికి దిగదు. గీత నిలిచింది. ఆరబెట్టడానికి ఓవెన్ లేదు. పైన నూలు గుడ్డ పరిచి ఇస్త్రీ పెట్టె పెట్టాడు. మల్టీమీటర్ రెండు కొసలా పెడితే బీప్ అని మోగింది. ఆ పిల్ల ఎగిరి గంతేసింది. వీడు మాత్రం, “మడత కాడ పగులుతది, సూడు” అన్నాడు. మడిచి చూస్తే నిజంగానే పగిలింది. మెల్లగా వంచితే నిలుస్తుంది, మడత పెడితే తెగుతుంది. ల్యాబుల వాళ్లు కూడా ఇప్పటికీ దీంతోనే తంటాలు పడుతున్నారు.

కాగితానికి ముందు పూత వేసి దాని గుణం మార్చాలి అన్న మాట వినగానే నాకు మా తాత లంద గుర్తొచ్చింది. సున్నంలో నానబెట్టి, వెంట్రుక తీసి, తంగేడు చెక్క నీళ్లలో ఊరబెట్టి, కుళ్లిపోయే పచ్చి చర్మాన్ని ఏండ్ల తరబడి నిలిచే తోలు చేసేవాడు. ల్యాబ్‌లో అదే రకం పనికి కోటు తొడుగుతారు. లందకు మాత్రం ఊరి బయట చోటిచ్చారు.

పట్టీ లెక్క కూడా వేశాం. మిల్లీమీటరు వెడల్పు, నాలుగు సెంటీమీటర్ల పొడవు గీతలు రెండు. మందం మిల్లీమీటరులో వందో వంతు అనుకుంటే, ఒక పట్టీకి సుమారు 8 మిల్లీగ్రాముల వెండి. మా నానమ్మ కడియాలు 20 తులాలు, నాయిన చదువుకని కుదువపెడితే మళ్లీ ఇంటికి రాలేదు. ఆ 200 గ్రాములతో 20 వేలకు పైగా పట్టీలు అవుతాయి.

పట్టీ దేనికి? నీళ్లకు. ఆ పిల్లది నక్కవాగు పక్క ఊరు. నాయిన ఒక కెమికల్ కంపెనీలో కాంట్రాక్టు మీద డ్రమ్ములు కడుగుతాడు. ఆర్ట్ కార్డు మీద రెండు గీతలు, వాటి పై సగానికి కొవ్వొత్తి మైనం రుద్ది నీళ్లు ఎగబాకకుండా చేసి, కింది కొసలు నీళ్లలో ముంచితే, రెండు గీతల మధ్య నీళ్లలోంచి ఎంత కరెంటు పారుతుందో కొలవచ్చు. నీళ్లలో కరిగిన లవణాలు ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువ పారుతుంది. మొదట మల్టీమీటర్ అంకె నిలవలేదు, జారుతూనే ఉంది. ఒకే దిక్కుగా కరెంటు పంపితే గీతల దగ్గర అయాన్లు పోగుపడతాయని, అటూ ఇటూ మారే కరెంటు కావాలని మా ఫిజిక్స్ సార్ చిన్న సర్క్యూట్ కట్టిచ్చారు. నల్లా నీళ్లకు, ఊరి బోరు నీళ్లకు తేడా కళ్లముందే కనిపించింది.

టీడీఎస్ పెన్ను మూడు వందలకు దొరుకుతుంది కదా, ఈ తిప్పలెందుకు అంటారు. నిజమే. మేం కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. ఈ పట్టీ ఉప్పు ఎంతుందో చెబుతుంది, విషం ఏదో చెప్పదు. కానీ ఒక్కసారి గీత వేయడం చేతికొస్తే, దాని మీద వేసే పూతను బట్టి అది వేరే వేరేవాటిని పసిగడుతుంది. సీసం లాంటి లోహాలను పట్టే కాగితపు పట్టీలు ల్యాబుల్లో ఇప్పటికే ఉన్నాయి. దుకాణంలో కొన్న పెన్ను కొన్న కాడికే ఆగుతుంది.

ఆ ఊరికి వెళ్లాం. బోరు దగ్గర ఆ పిల్ల పట్టీ ముంచి చూపిస్తుంటే, వాళ్ల పెద్దవ్వ చాలాసేపు చూసి అన్నది: “నీళ్లు ఉప్పగున్నయని ముప్పై ఏండ్లసంది మొత్తుకుంటున్నం. మా నోటికి తెల్వలేదా? ఇగ ఇప్పుడు కాయితం చెప్తే ఇంటరా?”

నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఈ ప్రాంతంలో జరిగిందంతా ఆ ప్రశ్నే. 1990లోనే ఇక్కడి కాలుష్యం మీద సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. ఏండ్ల తరబడి నడిచి, చివరికి గ్రీన్ ట్రిబ్యునల్‌కు చేరింది. డాక్టర్ కిషన్‌రావు లాంటివాళ్లు దశాబ్దాలపాటు తిరిగారు. చర్మం పొక్కిందని, బర్రెలు చచ్చాయని, పంట మాడిందని ఊళ్లు చెబుతూనే ఉన్నాయి. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను పరీక్షించింది. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థాలు వచ్చి చేరే కేంద్రం అది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ తేలింది. మందు వేసుకున్న రోగి నెత్తురులో ఉండేదాని కంటే ఎక్కువ. లెక్క వేస్తే రోజుకు 45 కిలోలు, అప్పటికి 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ దేశమంతా ఐదు రోజులు వాడే మందు. అప్పుడు ప్రపంచం పటాన్‌చెరు పేరు పలికింది.

ఆ పరిశోధన మంచి పని, సందేహం లేదు. కానీ మన వాగులో ఏముందో మనకు తెలియడానికి సీసా స్వీడన్ దాకా వెళ్లాల్సి వచ్చింది. నాలుక మనది, మీటర్ వాళ్లది. మన నాలుక మీది రుచి సాక్ష్యం కాదు, వాళ్ల కాగితం మీది అంకె సాక్ష్యం. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ వెంట నడిచినవాళ్లు చెరువు నీళ్లు ముట్టుకునే హక్కు కోసం నడిచారు. ఇక్కడ ఎవరూ ముట్టుకోలేని నీళ్లను మన వాడల పక్కన వదిలారు.

అందుకే ‘గ్రీన్ ఎలక్ట్రానిక్స్’, ‘కాగితం కాబట్టి పర్యావరణానికి మేలు’ అని ఎవరైనా మొదలుపెడితే నేను కొంచెం ఆగుతాను. వెండి రవ్వలు సూక్ష్మజీవుల్ని చంపుతాయి. మురుగునీటి శుద్ధి నడిచేదే సూక్ష్మజీవులతో. స్క్రీన్ కడిగిన నీళ్లు ఎక్కడికి పోతాయి? ఆ సాల్వెంట్ ఎవరు పీలుస్తారు? కాగితమంటే సెల్యులోజ్. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 50 మందికి పైగా పోయారు. అక్కడ తయారయ్యేది మాత్రల్లో కలిపే సెల్యులోజ్ పొడి. అంత సాధువైన తెల్లటి పొడి. పోయినవాళ్లలో ఎక్కువమంది బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ నుంచి వచ్చిన కూలీలు. కొందరి ఆనవాళ్లు కూడా ఇంటికి చేరలేదు. సరుకు సాధువా కాదా అన్నది ఒక ప్రశ్న, దాని పక్కన ఎవరిని ఎలా నిలబెట్టారు అన్నది ఇంకో ప్రశ్న. రెండోదాన్ని ఏ బ్రోచర్‌లోనూ రాయరు.

పోస్టర్ చూసి మా స్టాఫ్‌రూములో ఒకాయన, “ఈ పిల్లలకు ఇవన్నీ ఎందుకమ్మా, ఫార్మాలో ప్యాకింగ్ ఉద్యోగం చూసుకుంటే ఇల్లు గడుస్తుంది” అన్నారు. సదుద్దేశంతోనే అన్నారు. ఈ బెల్టులో మన పిల్లల మీద కురిసే సదుద్దేశం అంతా ఈ రకమే. ఆ పిల్ల ఇప్పుడు ఎమ్మెస్సీ ఎంట్రన్స్‌కు చదువుతోంది. ఆమె పోస్టర్ కింద సహకారం అన్నచోట మా తమ్ముడి పేరు రాసింది, ‘స్క్రీన్ ప్రింటింగ్ నిపుణుడు’ అని. వాడు దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకుని స్టేటస్ పెట్టుకున్నాడు. వాడి యూనిట్ నాలుగేండ్ల సర్వీసుకు ఇచ్చిన కాయితం ఏదీ లేదు.

పట్టీ వేసే స్క్రీన్ ఇంకా దుకాణంలోనే ఉంది. పేస్టు అయిపోయింది, చందాలేసి చిన్న డబ్బా ఒకటి తెప్పించాం, ఈసారి తూకం మేమే వేసుకుంటాం. స్క్రీన్ కడిగిన గుడ్డలు, వెండి అంటిన కాగితాలు ఒక డబ్బాలో దాస్తున్నాం, కాలువలో పారబోయడం లేదు. వచ్చే ఆదివారం నక్కవాగు పక్క మూడు ఊళ్ల బోర్ల దగ్గరికి వెళ్తున్నాం. రావాలనుకున్న విద్యార్థులు పొద్దున ఎనిమిదింటికి పటాన్‌చెరు బస్టాండుకు రండి. మల్టీమీటర్ ఉన్నవాళ్లు తెచ్చుకోండి. కడిగి ఆరబెట్టిన సీసాలు, బోరు పేరు, లోతు, తేదీ రాసుకోవడానికి ఒక నోట్‌బుక్కు కూడా. పెద్దవ్వను కూడా రమ్మన్నాం. ఆమె ముందు రుచి చూసి చెబుతానంది, వద్దన్నాం, వాసన చూసి చెబుతానంది. పట్టీ ముంచకముందే ఆమె మాటను నోట్‌బుక్కులో మొదటి గడిలో రాయాలి.

జై భీమ్.